అటక మీద ఏముందో ఒకసారి చూడండి

పోయిన సంచికలో వడియాల గురించి రాస్తే పదిహేడు ఉత్తరాలొచ్చాయి. బూడిద గుమ్మడికాయ వడియాలకు ఇంగువ ఎంత వెయ్యాలన్న దాని మీద ఇద్దరు వదినగార్లు ఒకరినొకరు కాదన్నారు. ఇద్దరివీ వండి చూశాను, రెండూ బాగున్నాయి. తీర్పు మాత్రం అడగకండి. ఈసారి సంగతి వంటింటిది కాదు గాని, ఇదీ దాచుకోవడం గురించే. దాచుకోవలసింది దాచుకోకపోతే ఏమవుతుందో, ఎవరో ఎక్కడో పొరపాటున దాచి ఉంచితే ఎంత మేలు జరుగుతుందో చెబుతాను.

మా చిన్న మామయ్య పోయి రెండేళ్ళయింది. మొన్న దీపావళికి ముందు ఆయన కోడలు ఇల్లు దులుపుతూ, అటక మీది సామాను పాత పేపర్లవాడికి వేసేద్దామని కిందికి దించింది. అందులో ఒక చెప్పుల అట్టపెట్టె, దాని నిండా ఆడియో క్యాసెట్లు. అన్నీ సినిమా పాటలవే. ఆ పిల్ల బుద్ధిమంతురాలు. పారేసే ముందు నాకు ఫోను చేసి, "పిన్నీ, మీకేమైనా కావాలా?" అంది. ఏదో మొహమాటానికి వెళ్ళాను. ఒక క్యాసెట్టు మీద కంపెనీవాడు అచ్చు వేసిన సినిమా పేరును నీలం సిరాతో కొట్టేసి, పక్కన మామయ్య చేతిరాతతో "అక్కయ్య - టీవీ - 84" అని ఉంది. నా కాళ్ళ కింద నేల కదిలినట్టయింది.

ఎందుకో చెప్పాలంటే నలభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

మా అమ్మకు తెలుగు చదవడం రాదు. మావాళ్ళు ఏ కాలంలో వలస వచ్చారో లెక్క తెలియదు గాని, ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. అమ్మ పాటలన్నీ నోటి పాటలు. నలుగు పాట, బంతులాట పాట, హారతులు, అన్నిటికన్నా ముఖ్యంగా అప్పగింతల పాట. పెళ్ళికూతుర్ని అత్తవారి చేతిలో పెట్టే వేళ అమ్మా పెద్దమ్మా కలిసి ఆ పాట ఎత్తుకున్నారంటే మగపెళ్ళివారు కూడా కండువాతో కళ్ళు ఒత్తుకునేవారు. మా వీధిలో అమ్మ పాడకుండా ఏ తెలుగు పెళ్ళీ పూర్తయ్యేది కాదు.

1984లో ఒక టీవీ కేంద్రం వారు ఇంటింటి పాటలని పావుగంట కార్యక్రమం చెయ్యదలచి, అమ్మనూ పెద్దమ్మనూ మరో ఇద్దరు పొరుగు అత్తయ్యలనూ పిలిచారు. ఏ ఊరి కేంద్రమో ఇప్పుడెందుకు లెండి. నలుగురూ పట్టుచీరలు కట్టుకుని తెల్లవారు బస్సుకి బయలుదేరారు. స్టూడియోలో చల్లగాలి మిషను దెబ్బకి పెద్దమ్మ గొంతు పట్టేసిందట. ఎవరో పుణ్యాత్ముడు వేడి పాలు తెప్పించి ఇచ్చాక గాని పాట సాగలేదట. డెబ్బై అయిదు రూపాయల చెక్కు ఇచ్చారు. అమ్మ ఆ డబ్బుతో కొన్న ఇత్తడి దీపపు సెమ్మె ఇప్పటికీ మా దేవుడి గదిలో వెలుగుతోంది.

అమ్మ 1996లో పోయింది. 1999లో మా అమ్మాయి పెళ్ళి. అప్పగింతల పాట ఎవరికీ పూర్తిగా రాదు. పెద్దమ్మ అంతకుముందే వెళ్ళిపోయింది. నాకు రెండు చరణాలు తప్ప గుర్తు లేదు. ఎప్పుడూ అమ్మ పాడుతుందిలే అని నేర్చుకోలేదు. అప్పుడు ఆ టీవీ కేంద్రం గుర్తొచ్చి, ఉత్తరం రాసి, జవాబు రాకపోతే నేనే వెళ్ళాను. రిటైరు కాబోతున్న ఉద్యోగి ఒకాయన పాపం ఓపిగ్గా రిజిస్టరు తీసి చూపించారు. టేపు నెంబరు ఉంది, అమ్మ పేరు ఉంది, నిడివి ఉంది. చివరి గడిలో ఎర్ర సిరాతో "ఎరేజ్డ్" అని ఉంది. ప్రసారమైన రెండేళ్ళకి చెరిపేశారు.

"ఏం చేస్తామమ్మా, టేపులు కొన్ని, కార్యక్రమాలు కొల్లలు. కొత్తది తియ్యాలంటే పాతది చెరపాలి. మీ అమ్మగారి పాట మీద ఏ సభో ఏ ఆటలపోటీయో ఎక్కి ఉంటుంది" అన్నారాయన.

అప్పగింతల పాట లేకుండానే మా అమ్మాయి అత్తవారింటికి వెళ్ళింది. ఆ కేంద్రాన్ని నేను చాలా ఏళ్ళు తిట్టుకున్నాను. తరువాత తెలిసిన సంగతేమిటంటే, ఈ పని చేసింది వాళ్ళొక్కరే కాదు. లోకంలోని పెద్ద పెద్ద టీవీ సంస్థలన్నీ చేశాయి.

దొరలు చెరిపిన కథ

లండన్ బీబీసీ వారి సంగతి చూడండి. టీవీ కార్యక్రమాన్ని టేపు మీద పట్టే యంత్రాన్ని అమెరికాలో యాంపెక్స్ కంపెనీ 1956లో బయటపెట్టింది. ఆ టేపు రెండంగుళాల వెడల్పు. ఒక్కొక్క చుట్టా మొయ్యడానికే బరువు, ఖరీదు ఇంకా బరువు. టేపు గొప్పతనమే చెరిపి మళ్ళీ వాడుకోవచ్చునని. అంచేత పలక మీద లెక్క చేసి తుడిచినట్టు, ప్రసారం కాగానే తుడిచి ఇంకోదానికి వాడేవారు. నటుల సంఘాలతో ఒప్పందాలూ అలాగే ఉండేవి. పాతవే మళ్ళీ మళ్ళీ వేస్తే కొత్తవాటికి పని ఉండదని వారి భయం. అందువల్ల ఒక గడువు దాటితే మళ్ళీ వెయ్యడానికి వీల్లేదు. వెయ్యలేనిదాన్ని దాచడమెందుకన్నది ఆఫీసు లెక్క. 1960ల చివర రంగుల టీవీ వచ్చింది. నలుపు తెలుపు బొమ్మల్ని ఇక ఎవరు చూస్తారన్నారు. ఇంట్లో వీడియో పెట్టె పెట్టుకుని పాతవి కొనుక్కు చూసే రోజులొస్తాయని అప్పుడెవరికి తెలుసు?

అలా పోయినవాటిలో బాగా పేరున్నది "డాక్టర్ హూ" అనే ధారావాహిక. 1963 నవంబరు 23న, అంటే అమెరికా అధ్యక్షుడు కెనెడీని కాల్చి చంపిన మర్నాడు మొదలైంది. కాలంలో ముందుకీ వెనక్కీ తిరిగే ఒక పెద్దాయన కథ. మొదటి కథకు దర్శకుడెవరనుకున్నారు? మన లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్. రచయిత్రి అతియా హుస్సేన్ కుమారుడు. అప్పటికి ఇరవై నాలుగేళ్ళవాడు. 1964లో "మార్కో పోలో" కథలో కూడా ఎక్కువ భాగాలు ఆయన చేతి మీదుగానే వచ్చాయి. కుబ్లాయ్ ఖాన్ కొలువు, ఎడారులు, ఒంటెలబాటలు, అంతా స్టూడియోలోనే కట్టారు. ఏడు భాగాలు. ఏడూ చెరిపేశారు.

మొదటి ఆరేళ్ళలో ఈ ధారావాహిక 253 భాగాలు వచ్చింది. టేపులు చెరిపినా, విదేశాలకు అమ్మడానికి ఫిల్ము ప్రతులు తీసేవారు. తెర మీద బొమ్మ ఆడుతుంటే ఎదురుగా సినిమా కెమెరా పెట్టి పదహారు మిల్లీమీటర్ల ఫిల్ము మీదికి ఎక్కించడమన్నమాట. అమ్మకాల గడువు తీరాక 1970లలో ఆ ప్రతుల్నీ పారెయ్యడం మొదలుపెట్టారు. టేపులు ఒక విభాగానివి, ఫిల్ములు మరొక విభాగానివి. అసలు ప్రతి వాళ్ళ దగ్గరుందని వీళ్ళూ, వీళ్ళ దగ్గరుందని వాళ్ళూ అనుకున్నారు. ఉమ్మడి కుటుంబంలో వీధి తలుపు గడియ వేసినట్టే! పెద్దకోడలు వేసిందని చిన్నకోడలూ, చిన్నకోడలు వేసిందని పెద్దకోడలూ పడుకుంటారు.

1978లో ఇయాన్ లెవిన్ అనే అభిమాని పాత భాగాలు చూడాలని వెళ్ళేసరికి, పారెయ్యడానికి పక్కన పెట్టిన డబ్బాలు కనిపించాయి. ఆపించాడు. ఆ రోజుల్లోనే బీబీసీలో, దేన్ని దాచాలో చూసే పని స్యూ మాల్డెన్ అనే ఆవిడకు అప్పగించారు. ఇంట్లో ఏమున్నాయో ఏం లేవో మొదటిసారి లెక్క వేసినవారిలో ఆవిడ ఒకరు. లెక్క తేలాక అసలు వెదుకులాట మొదలైంది.

పరాయి ఊళ్ళో దొరికిన సొమ్ము

ఇక్కడే కథ నాకు బాగా నచ్చింది. పోయినవి లండన్లో దొరకలేదు. దూరదేశాల్లో దొరికాయి.

ఒకప్పుడు ఏ దేశానికి ఏ ప్రతి పంపారో పాత ఉత్తరాలు, రసీదులు చూసి జాబితా తీశారు. ఆయా దేశాల టీవీ కేంద్రాలకు రాశారు. 1980లలో సైప్రస్ నుంచి కొన్ని, నైజీరియా నుంచి కొన్ని వచ్చాయి. లండన్లోనే ఒక చర్చి నేలమాళిగలో 1983లో రెండు భాగాలు బయటపడ్డాయి. 1991 చివర హాంకాంగ్ ఏషియా టెలివిజన్ వారి గోదాములో "టూమ్ ఆఫ్ ది సైబర్‌మెన్" నాలుగు భాగాలూ పూర్తిగా దొరికాయి. 1967లో ప్రసారమై పోయిందనుకున్న కథ, పాతికేళ్ళకు డబ్బాల్లో ఇంటికి వచ్చింది.

ఆస్ట్రేలియా సంగతి ఇంకా విచిత్రం. పిల్లలు జడుసుకుంటారని అక్కడి సెన్సారువాళ్ళు కొన్ని ముక్కలు కత్తిరించేవారు. కత్తిరించిన ముక్కల్ని ప్రభుత్వ రికార్డుగా భద్రపరిచారు. కథలు పోయాయి, ముక్కలు మిగిలాయి! 1996లో ఇద్దరు అభిమానులు అక్కడి జాతీయ పురాభాండారంలో వాటిని పట్టుకున్నారు. అంటే పనికిరాదని తీసేసిన భాగమే నిలిచింది, పనికొస్తుందని చూపించింది నశించింది. కరివేపాకు తీసి పక్కన పెట్టేవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి.

అన్నిటికన్నా పెద్ద దొరుకుడు సంగతి 2013లో లోకానికి తెలిసింది. ఫిలిప్ మోరిస్ అనే ఆయన ఆఫ్రికా దేశాల టీవీ కేంద్రాలన్నీ ఓపిగ్గా తిరిగి, నైజీరియాలో జోస్ అనే ఊరి కేంద్రంలో దుమ్ము కొట్టుకున్న ఫిల్ము డబ్బాలు చూశాడు. అందులో తొమ్మిది భాగాలు అంతవరకూ ఎక్కడా లేనివి. దాంతో కొరత 106 నుంచి 97కి దిగింది. 1967-68లో వచ్చిన "ఎనిమీ ఆఫ్ ది వరల్డ్" కథ ఆరు భాగాలూ మళ్ళీ పూర్తయింది. అందులో వేసిన నటుల మనవలు తాతల్ని చూసుకున్నారంటే అంతకన్నా ఏం కావాలి?

ఇంకో దొరుకుడు 2010లో, వాషింగ్టన్‌లో అమెరికావారి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో. 1957 నుంచి 1970 దాకా బ్రిటన్‌లో ప్రసారమైన నాటకాలు అరవైకి పైగా అక్కడ భద్రంగా ఉన్నాయి. ఒకప్పుడు అమెరికాలో వెయ్యడానికి పంపిన ప్రతులవి. సొంత దేశంలో ఒక్కటీ మిగలలేదు.

దూరంగా వెళ్ళినదే దాచిపెడుతుందన్నమాట. ఈ మాట రాస్తుంటే నాకు మనమే గుర్తొస్తున్నాం. తంజావూరు దగ్గర మెలట్టూరులో నరసింహ జయంతికి తెలుగులో భాగవతమేళ నాటకాలు ఆడుతున్నారంటే, తంజావూరు సరస్వతీ మహలులో తెలుగు తాళపత్రాలు నిలిచాయంటే, అది ఈ దూరపు వాళ్ళ చలవే కదా! బరంపురంలోనూ బళ్ళారిలోనూ యానాంలోనూ షోలాపూరులోనూ మన అవ్వల నోట్లో ఏమేం పాటలు మిగిలి ఉన్నాయో ఎవరు లెక్క వేశారు?

బొమ్మ పోయి పాట మిగిలింది

ఇంకో విశేషం. ఆ పోయిన భాగాల్లో బొమ్మ లేదు గాని, మాటలూ సంగీతమూ ప్రతి భాగానికీ ఉన్నాయి! ఎలాగంటారా? ఆ రోజుల్లో కొందరు కుర్రాళ్ళు టీవీ ముందు టేపు రికార్డరు పెట్టి, మైకు స్పీకరుకు ఆనించి, ఇంట్లో అందరినీ నోరు మూసుకోమని బతిమాలి రికార్డు చేసుకున్నారు. మళ్ళీ వినడానికి చేసిన పని అది. వేలకొద్దీ ఉద్యోగులున్న సంస్థ దాచలేనిది పిల్లకాయలు దాచారు. ఆ ధ్వని ఆధారంగా 2016లో "పవర్ ఆఫ్ ది డాలెక్స్" కథ ఆరు భాగాలకూ బొమ్మలు గీసి కదిలించి మళ్ళీ విడుదల చేశారు.

జాన్ క్యూరా అనే ఆయన టీవీ తెరను ఫొటోలు తీసి, "మీరు తెర మీద ఎలా ఉన్నారో చూడండి" అని నటులకూ దర్శకులకూ అమ్ముకునేవాడు. ఆయన జీవనోపాధి అది. ఆయన పోయిన తరువాత, చాలా కథలకు ఆ ఫొటోలే మిగిలిన కంటిచూపు.

రంగుల సంగతి వింటే మరీ ఆశ్చర్యం. "డాడ్స్ ఆర్మీ" అనే హాస్య ధారావాహికలో ఒక భాగం రంగుల టేపు పోయి, నలుపు తెలుపు ఫిల్ము మాత్రం ఉంది. రంగుల సంకేతాన్ని వడకట్టకుండా నలుపు తెలుపు తెర మీద చూపి ఫిల్ము తీస్తే, రంగు సమాచారం సన్నని చుక్కల్లా ఆ ఫిల్ములో పడిపోతుందట. అంతవరకూ దాన్ని మచ్చలనుకున్నారు. కంప్యూటరుతో ఆ చుక్కల్ని చదివి, అసలు రంగులు రాబట్టి 2008 డిసెంబరులో ప్రసారం చేశారు. రంగు పులమలేదు, ఉన్న రంగునే పైకి తీశారు.

మనకీ ఇలాంటి కథ లేకపోలేదు. అన్నమయ్య కీర్తనల రాగిరేకులు తిరుమల గుడిలోని అరలో ఎన్ని వందల ఏళ్ళు ఉండిపోయాయి! ఇరవయ్యో శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు వంటి పెద్దలు కూర్చుని పరిష్కరించకపోతే మనకు ఆ పాటలేవి? రేకుల మీద మాట ఉంది, రాగం పేరు ఉంది, పాడే తీరు లేదు. శర్మగారు కొన్నిటికి కొత్తగా స్వరం కట్టారు. అక్కడ పాట పోయి మాట మిగిలింది, లండన్లో బొమ్మ పోయి పాట మిగిలింది.

ఇక మన టీవీ. ఢిల్లీలో 1959 సెప్టెంబరు 15న మొదలై, 1972లో బొంబాయికీ, 1975లో మద్రాసుకీ, 1977లో హైదరాబాదుకీ, 1981లో బెంగుళూరుకీ వచ్చింది. రాముడి కథ, భారత కథ లాంటి పెద్ద ధారావాహికలు నిలిచాయి. 1987లో మొదలైన "రామాయణం"ను 2020 మార్చి 28 నుంచి, కరోనా లాక్‌డౌన్ రోజుల్లో మళ్ళీ ఇంటిల్లిపాదీ చూశాం. భద్రపరిచిన ప్రతి ఉంది గనుక చూశాం. కాని చిన్న చిన్న పావుగంట కార్యక్రమాలు, ఊరి భజన బృందాలు, బడిపిల్లల నాటకాలు, మా అమ్మలాంటివాళ్ళ పాటలు ఎవరికి పట్టాయి? సినిమాల్లో కూడా అంతే. తెలుగులో మొదటి టాకీ "భక్త ప్రహ్లాద" ప్రతి ఒక్కటీ మిగలలేదు. పూనాలో 1964లో ఏర్పడిన జాతీయ ఫిల్ము భాండారంలో పి.కె. నాయర్‌గారు లాంటి ఒక్క మనిషి పట్టుదల లేకపోతే, ఫాల్కే తీసిన సినిమాల ముక్కలు కూడా మనకు దక్కేవి కావు.

మామయ్య క్యాసెట్టు

ఇప్పుడు అటక దగ్గరికి వద్దాం.

ప్రసారమైన సాయంత్రం మా ఇంటివారి హాల్లో ముప్ఫైమందిమి కూర్చున్నాం. మాకు అప్పటికి టీవీ లేదు. చిన్న మామయ్య తన టూ-ఇన్-వన్ తెచ్చి, స్టూలు వేసి, టీవీ స్పీకరుకు ఎదురుగా పెట్టాడు. ఇది నేను పూర్తిగా మరిచిపోయాను. 1999లో టీవీ కేంద్రం గుమ్మాలు ఎక్కి దిగానే గాని, పక్క వీధిలో ఉన్న మామయ్యను ఒక్క మాట అడగలేదు. ఆయనా మరిచిపోయాడు కాబోలు. రెండు వీధుల అవతల అటక మీద ఉన్నదాని కోసం రెండు వందల మైళ్ళు పోయాను.

క్యాసెట్టును తెలిసిన కుర్రాడు శుభ్రం చేసి వినిపించాడు. మొదట మామయ్య "ఉష్" అనడం. తరువాత పక్కింటి కుక్కరు కూత. తరువాత అమ్మ గొంతు. అప్పటికి ఎనిమిదేళ్ళ మా అమ్మాయి మధ్యలో, "అమ్మమ్మ అంత చిన్నదైపోయిందేమిటి?" అని అడిగింది. దానికి హాల్లో కూర్చున్న అమ్మ, టీవీలో పాడుతున్న అమ్మ కాదు, "ఊరుకోవే, పాట విను" అంది. టేపు చెరపకుండా ఉండి నాకు దొరికినా ఈ మాట దొరికేది కాదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, చెప్పకపోతే అబద్ధమవుతుంది. అది కొన్న సినిమా పాటల క్యాసెట్టు. చెరపకుండా ఉండేందుకు కంపెనీవాళ్ళు దాని వెనక చెవులు విరిచి పంపుతారు. మామయ్య ఆ కన్నాల మీద ప్లాస్టరు అంటించి, ఎవరివో సినిమా పాటలు చెరిపేసి దాని మీద అమ్మ పాట ఎక్కించాడు! ఆ రాత్రి మామయ్య చేతిలో ఉన్న టేపు అదొక్కటే. ఆ టీవీ కేంద్రం వారి చేతిలోనూ ఉన్న టేపులు అవే. ఇది తెలిశాక వాళ్ళను తిట్టుకోవడం మానేశాను.

అప్పగింతల పాట చివరికొచ్చేసరికి క్యాసెట్టు ఆ పక్క అయిపోయింది. మామయ్య కంగారుగా తిప్పి వేసిన చప్పుడు వినిపిస్తుంది. ఆ లోపల చరణంన్నర పోయింది. బరంపురంలో ఉన్న మా పిన్నికి ఫోను చేస్తే, ఎనభై ఆరేళ్ళావిడ, ఫోనులోనే పూర్తి చరణం పాడింది. అర చరణం ఇంకా దొరకలేదు. పిల్లకు తెల్లవారుజామున లేచే అలవాటు లేదు, కోప్పడకండని అత్తగారితో చెప్పే చరణం ఉంది చూశారూ, దాని తరువాతది. మరిదికి చెప్పే మాటలతో మొదలవుతుంది. తరువాత ఏమిటో మాకు తెలియదు. మీ ఇళ్ళల్లో ఎవరికైనా వస్తే దయచేసి రాసి పంపండి. తెలుగు లిపి రాకపోతే తమిళంలోనో కన్నడంలోనో ఒడియాలోనో మరాఠీలోనో రాయండి. పాడి పంపితే మరీ మంచిది.

మీరు చెయ్యవలసింది

మన సభ్యుల ఇళ్ళల్లో పెళ్ళి వీడియోలు, హరికథల క్యాసెట్లు, టీవీలో వచ్చినప్పుడు పట్టిన కార్యక్రమాలు ఎన్నో ఉంటాయి. 1975-76లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ చూపిన సైట్ పథకం ఆంధ్ర, కర్ణాటక, ఒరిస్సాతో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెల్లో నడిచింది. ఆ పల్లెలవారు మనలో ఉంటే వారి జ్ఞాపకాలూ రాయాలి.

టేపులు చిరకాలం ఉండవు. వీడియో క్యాసెట్టు ఆడించే యంత్రాల తయారీని, చివరిదాకా చేస్తూ వచ్చిన జపాను కంపెనీ 2016లో ఆపేసింది. అంచేత నాకు ఆ కుర్రాడు చెప్పిన జాగ్రత్తలు మీకూ చెబుతాను.

ఒకటి: క్యాసెట్టు వెనక చెవులు ఉంటే ముందు విరిచేయండి. పొరపాటున ఎవరూ చెరపకుండా ఉంటుంది.

రెండు: టేపు మీద తెల్లని బూజు కనిపిస్తే యంత్రంలో పెట్టకండి. టేపూ పాడవుతుంది, యంత్రమూ పాడవుతుంది, ఆ తరువాత పెట్టిన టేపుకూ అంటుకుంటుంది. తెలిసినవారి చేత శుభ్రం చేయించండి.

మూడు: ఏళ్ళ తరబడి కదలని టేపును వెంటనే ఆడించకుండా, ముందు ఒకసారి ఆ చివరిదాకా తిప్పి మళ్ళీ వెనక్కి చుట్టండి. ఆడియో క్యాసెట్టులో మధ్యనుండే చిన్న మెత్త ఊడిపోయి ఉంటే దాన్ని సరిచేశాకనే పెట్టండి.

నాలుగు: నిలువుగా, పొడిగా, స్పీకర్లకు దూరంగా ఉంచండి. వంటింటి అటక మంచిది కాదు. మా మామయ్య అదృష్టవంతుడు, అంతే.

అయిదు: కంప్యూటరులోకి ఎక్కించాక రెండు ప్రతులు రెండిళ్ళల్లో పెట్టండి. రెండో ప్రతి వేరే ఊళ్ళో ఉంటే ఇంకా మేలు. హాంకాంగ్ కథ మరువకండి. అసలు టేపును మాత్రం పారెయ్యకండి.

ఆరు: పాడేది ఎవరు, ఎప్పుడు, ఏ ఊళ్ళో అన్నది ఈ రోజే రాసి పెట్టండి. గొంతు గుర్తుపట్టేవాళ్ళు పోయాక ఆ గొంతు ఎవరిదో తెలియదు.

అక్టోబరు 27ను ప్రపంచ దృశ్యశ్రవణ వారసత్వ దినమని యునెస్కో వారు జరుపుతారు. వచ్చే అక్టోబరులో మన సంఘాలన్నీ ఆ రోజున ఇళ్ళల్లోని టేపులు తెప్పించి, ఒక చిట్టా అయినా తయారు చేస్తే బాగుంటుందని నా మనవి. వినే యంత్రం లేనివాళ్ళకు యంత్రం ఉన్నవాళ్ళు సాయపడవచ్చు.

మా మనవరాలికి వచ్చే మాఘంలో పెళ్ళి. దాని అమ్మ పెళ్ళికి పాడలేకపోయిన పాటను నేనూ మా అమ్మాయీ రోజూ సాయంత్రం క్యాసెట్టు వింటూ నేర్చుకుంటున్నాం. కుక్కరు కూత వచ్చే చోట మా అమ్మాయి అలవాటుగా ఒక క్షణం ఆగుతోంది. ఆగవద్దని చెబుతున్నాను. ఆ అర చరణం దగ్గర మాత్రం ఇద్దరమూ ఆగవలసి వస్తోంది. మాఘానికి ఇంకా సమయముంది. మీ ఉత్తరాల కోసం ఎదురు చూస్తుంటాను.

వచ్చే సంచికలో కలుద్దాం. సెలవు.